ఇంగ్లీష్ క్రియకు తెలుగు తోక

పోయిన ఆదివారం మా అక్క కూతురు భోజనానికి వచ్చింది. అమీర్‌పేటలో హాస్టల్, మాదాపూర్‌లో ఉద్యోగం, చేరి ఏడు నెలలైంది. గుత్తి వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ, "మామయ్యా, మా టీమ్ లీడ్‌కి లీవ్ మెయిల్ పెట్టాలి, ఒక్కసారి చూసిపెట్టవా?" అంది. అనువాదాలు చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లో ఎవరికి ఇంగ్లీష్ కాగితంతో పని పడినా అది తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తుంది. చేయి కడుక్కుని చూశాను. నాలుగే వాక్యాలు.

"ఐ వాంట్ టు డిస్కస్ అబౌట్ మై లీవ్. ఐ విల్ ఎక్స్‌ప్లెయిన్ యూ ద రీజన్. ఆల్‌దో ఐ యామ్ ఆన్ లీవ్, బట్ ఐ విల్ అటెండ్ ద కాల్. ఐ హావ్ ఫినిష్డ్ ద రిపోర్ట్ అండ్ కెప్ట్ ఇన్ ద ఫోల్డర్."

"స్పెల్లింగులు చూసుకున్నా, టెన్సులు కూడా కరెక్టే" అంది ముందుగానే. నిజమే. చెప్పదలచుకున్నది కూడా అర్థమవుతోంది. అయినా నాలుగు వాక్యాల్లోనూ ఒక్కో చోట తేడా కొడుతోంది. తమాషా ఏమిటంటే, ఆ తేడా ఒక్కసారి కూడా టెన్స్‌లో లేదు. ప్రతిసారీ క్రియ దాటిన తర్వాతే ఉంది. డిస్కస్ తర్వాత, ఎక్స్‌ప్లెయిన్ తర్వాత, కెప్ట్ తర్వాత. ఆల్‌దో దగ్గర కూడా మొదటి క్రియ కథ ముగిశాకే.

మనకు బళ్ళోనూ, ఆ తర్వాత మైత్రీవనం చుట్టుపక్కల కోచింగుల్లోనూ చెప్పేదంతా క్రియ లోపలి సంగతి. గో, వెంట్, గాన్. పన్నెండు టెన్సుల పట్టిక. యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్. క్రియ వెనక ఏం రావాలి, ఏం రాకూడదు అన్నది మాత్రం ఎవరికి వాళ్ళు గాలిలోంచి పట్టుకోవాల్సిందే. గాలి తెలుగుదైతే పట్టుకున్నదీ తెలుగుదే అవుతుంది.

మొదటి వాక్యం దగ్గర కాసేపు కూర్చోవాలి, ఎందుకంటే మిగతా మూడింటి వేరు కూడా అక్కడే ఉంది. 'ఐ వాంట్ టు డిస్కస్ మై లీవ్' అంటే సరిపోతుంది, అబౌట్ అక్కర్లేదు. ఆ మాట చెప్తే అమ్మాయి ఒప్పుకోలేదు. "లీవు గురించి అని రావాలి కదా మామయ్యా. గురించి ఎక్కడికి పోయింది?"

మంచి ప్రశ్నే. జవాబు మన తెలుగు వాచకంలోనే ఉంది. 'డు ము వు లు ప్రథమా విభక్తి. నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి' అని ఊగుతూ వల్లించినవాళ్ళమే అందరం. అప్పుడు రాగం తప్ప అర్థం పట్టలేదు. ఇప్పుడు ఆ వరసను మళ్ళీ చూడండి. 'ని' ఉన్న గూట్లోనే 'గురించి' కూడా ఉంది. మన వ్యాకరణం లెక్కలో రెండూ ఒకే కుదురు, కర్మకు తగిలించే ప్రత్యయాలు.

తెలుగులో నామవాచకం మెడలో ట్యాగ్ వేసుకుని తిరుగుతుంది, హైటెక్ సిటీలో ఉద్యోగుల్లాగా. ఎక్కడ కూర్చున్నా ఎవరో తెలుస్తుంది. 'కుక్క పిల్లాణ్ణి కరిచింది' అన్నా 'పిల్లాణ్ణి కుక్క కరిచింది' అన్నా కరిచింది కుక్కే. ఇంగ్లీష్‌లో 'ద డాగ్ బిట్ ద బాయ్' అన్న వాక్యాన్ని అటూ ఇటూ మార్చండి, పిల్లాడే కుక్కను కరుస్తాడు. అక్కడ ట్యాగులు లేవు, సినిమా హాల్లోలాగా సీటు నంబర్లే. క్రియకు ముందు సీటు కర్తది, వెనక సీటు కర్మది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్‌లో మన విభక్తుల్లాంటివి ఉండేవి. వాడగా వాడగా అరిగిపోయాయి. హి-హిమ్, షి-హర్, దే-దెమ్ లాంటి సర్వనామాల్లో మాత్రం ఆనవాళ్ళు మిగిలాయి. అరిగిపోయిన ప్రత్యయం పని ఇప్పుడు సీటు చేస్తోంది.

కాబట్టి డిస్కస్ వెనక సీట్లో లీవును కూర్చోబెట్టగానే 'గురించి' వచ్చేసినట్టే. మళ్ళీ అబౌట్ పెట్టడమంటే తెలుగులో 'లీవు గురించిని' అన్నట్టు, ట్యాగ్ మీద ట్యాగ్.

అయితే ఈ అబౌట్ అంత గట్టిగా అతుక్కోవడానికి ఇంకో కారణం ఉంది. నా దృష్టిలో అసలుది ఇదే. డిస్కస్ అన్న మాటను మా అమ్మాయి ఇంగ్లీష్‌లో నేర్చుకోలేదు, తెలుగులో నేర్చుకుంది. 'రేపు దాని గురించి డిస్కస్ చేద్దాం' అంటాం కదా, అందులో క్రియ ఏది? చేద్దాం. డిస్కస్ అక్కడ క్రియే కాదు, 'చర్చ' లాగా ఒక నామవాచకం. హైదరాబాద్ తెలుగులోకి దిగిన ఇంగ్లీష్ క్రియలన్నిటి గతీ ఇంతే. గేటు దగ్గరే క్రియాపదవి ఊడబీకి, 'చేయు', 'అవు' అనే ఇద్దరు కాపలావాళ్ళకు అప్పగిస్తాం. ఎక్స్‌ప్లెయిన్ చేయడం, అటెండ్ అవడం, రీచ్ అవడం, ఆర్డర్ చేయడం. ఆ తర్వాత వాటి చుట్టూ చేరే ప్రత్యయాలన్నీ మనవే.

అంటే మనకు ఇంగ్లీష్ క్రియలు రాకపోవడం కాదు. బోలెడు వచ్చు, కాకపోతే తెలుగు తోకలతో వచ్చు. తిరిగి ఇంగ్లీష్ వాక్యంలో పెట్టేటప్పుడు ఆ తోక కూడా వెంట వస్తుంది. 'ఇంటికి రీచ్ అయ్యా' కాస్తా 'రీచ్డ్ టు హోమ్' అవుతుంది. 'అతనితో పెళ్ళి' లోంచి 'మ్యారీడ్ విత్ హిమ్' వస్తుంది. 'బిర్యానీకి ఆర్డర్ పెట్టాం' అన్నది 'వీ ఆర్డర్డ్ ఫర్ బిర్యానీ' అయి కూర్చుంటుంది. ఇవే మాటలు నామవాచకాలుగా వస్తే ఆ తోకలు తప్పు కాదు. 'ఎ డిస్కషన్ అబౌట్ లీవ్' చక్కటి ఇంగ్లీష్, 'ఏన్ ఆర్డర్ ఫర్ బిర్యానీ' కూడా అంతే. అందుకే ఈ గందరగోళం. తెలియని మాటైతే డిక్షనరీ తీస్తాం. రోజూ నోట్లో నానే మాటను ఎవరు వెతుకుతారు?

దీనికి తిరగేసిన రకం కూడా ఉంది. పాటలు వింటాం కాబట్టి 'లిజనింగ్ సాంగ్స్' అంటాం, అక్కడ టు కావాలి. ఆన్సర్, రిప్లై అన్న జంటనైతే చూడండి, రెండూ మనకు 'జవాబే'. 'ఆన్సర్ మీ' అనాలి, టు వద్దు. 'రిప్లై టు మీ' అనాలి, టు తప్పదు. ఇందులో లాజిక్ వెతకబోయి నేను చాలా కాలం వృథా చేశాను. ఏ క్రియ తోక దానిదే.

ఇక 'ఎక్స్‌ప్లెయిన్ యూ ద రీజన్'. 'నీకు చెప్తాను', 'నీకు ఇస్తాను', 'నీకు వివరిస్తాను', తెలుగులో ఈ మూడింటికీ ఒకటే 'కు'. ఇంగ్లీష్‌లో గివ్, టెల్, షో, సెండ్ లాంటి క్రియలు వెనక రెండు సీట్లు వేసుకుంటాయి: 'టెల్ మీ ద రీజన్', 'సెండ్ మీ ద ఫైల్'. ఎక్స్‌ప్లెయిన్‌కు ఒకటే సీటు. అందులో విషయం కూర్చుంటుంది, మనిషి టు పట్టుకుని నిలబడాలి: 'ఎక్స్‌ప్లెయిన్ ద రీజన్ టు యూ'. డిస్క్రైబ్, సజెస్ట్, డొనేట్ కూడా అంతే. కొంచెం చరిత్ర తెలిస్తే ఊహించడం తేలిక. గివ్, టెల్, షో, సెండ్ జర్మానిక్ మూలాలున్న పొట్టి క్రియలు. ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, డొనేట్ లాటిన్ మూలం నుంచి వచ్చినవి. పాత కాపులకు రెండు సీట్లు, తర్వాత వచ్చినవాళ్ళకు ఒక్కటి. అలాగని దీన్ని సూత్రంగా రాసిపెట్టుకోకండి. ప్రామిస్ లాటిన్ నుంచే వచ్చినా 'ప్రామిస్డ్ మీ ఎ జాబ్' అంటారు. సే అచ్చమైన పాత ఇంగ్లీష్ మాటే, కానీ 'సే మీ' అనరు.

ఏ క్రియ వెనక ఏం వస్తుందో పట్టిక వేసి డిక్షనరీలో పెట్టే పని ఎక్కడ గట్టిగా జరిగిందో తెలిస్తే మనకు కాస్త ఊరట కలుగుతుంది. ఇంగ్లండ్‌లో కాదు, జపాన్‌లో. 1920లలో అక్కడికి ఇంగ్లీష్ బోధన పని మీద వెళ్ళిన హెరాల్డ్ పామర్, ఎ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీష్ వాళ్ళు ఈ పని మీద కూర్చున్నారు. హార్న్‌బీ తన సహచరులతో కలిసి క్రియలను 25 నమూనాలుగా విడదీసి తయారుచేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో వెలువడింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఇప్పుడు కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీలు ఆ వంశానివే. జపనీస్ కూడా మనలాగే క్రియను చివర పెట్టే భాష, నామవాచకం వెనక ప్రత్యయం తగిలించే భాష. అక్కడి పిల్లలు ఎక్కడ తడబడ్డారో మనమూ ఇంచుమించు అక్కడే తడబడతాం. అందుకే ఆ డిక్షనరీల్లో అర్థం కంటే ముందు ఆ పక్కనున్న నమూనా చూడమంటాను. ఎక్స్‌ప్లెయిన్ దగ్గర 'ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ' అని అచ్చేసి ఉంటుంది. ఆ ఒక్క ముక్కలో పాఠమంతా ఉంది. అన్నట్టు, ఇంగ్లీష్ బోధన మీద పనిచేసే కేంద్ర సంస్థ 1958 నుంచి మన ఊళ్ళోనే ఉంది, ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) అని పిలుస్తున్నది అదే. అమీర్‌పేటకూ ఇఫ్లూ ఉన్న తార్నాకకూ మధ్య దూరం బస్సులో గంట కూడా పట్టదు, కానీ అక్కడి మాట ఇక్కడికి చేరినట్టు కనబడదు.

మెయిల్ పక్కన పెట్టి, అసలు లీవు ఎందుకు అని అడిగాను. చెల్లెలి కౌన్సెలింగ్ ఉందట. "లాస్ట్ టైమ్ అడిగితే లీడ్ ఏమన్నాడో తెలుసా? హీ టోల్డ్ దట్ టు ఫినిష్ ద రిపోర్ట్ ఫస్ట్" అంది. అప్పటికప్పుడు తెలుగులోంచి ఇంగ్లీష్‌లోకి గెంతిన వాక్యం అది. అందులో దాక్కున్నది మన 'అని'.

తెలుగులో 'అని' అంత పనిమంతురాలు ఇంకో మాట లేదు. ఎవరేం చెప్పినా, అడిగినా, అనుకున్నా, భయపడినా వాక్యం చివర 'అని' పెట్టి కట్టేస్తాం. ఇంగ్లీష్‌లో ఒక్కో పనికి ఒక్కో ముడి. 'వస్తానని చెప్పాడు' అంటే దట్: 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్'. 'రమ్మని చెప్పాడు' అంటే దట్ పనికిరాదు, మనిషీ టూ కావాలి: 'హీ టోల్డ్ మీ టు కమ్'. 'వస్తావా అని అడిగాడు' అంటే ఇఫ్: 'హీ ఆస్క్డ్ ఇఫ్ ఐ వుడ్ కమ్'. 'వానొస్తుందేమోనని గొడుగు తెచ్చా' అంటే ఇన్ కేస్. 'వాణ్ణి చంటి అని పిలుస్తాం' అంటే ఏ ముడీ అక్కర్లేదు, 'వీ కాల్ హిమ్ చంటి'. అక్కడ మనవాళ్ళు వేసే యాజ్ కూడా ఈ 'అని'కి చేసిన అనువాదమే. టోల్డ్ దట్ టు అన్న మా అమ్మాయి 'ఫినిష్ చేయమని' లో 'అని'ని దట్ చేసింది, 'చేయ' ను టు చేసింది. ఏ ముక్కనూ వదల్లేదు పాపం, నిజాయితీగా అనువదించింది. సజెస్ట్ ఇంకా పేచీకోరు. 'వెళ్ళమని సజెస్ట్ చేశాడు' కదా అని 'సజెస్టెడ్ మీ టు గో' అంటే కుదరదు, 'సజెస్టెడ్ దట్ ఐ గో' అనాలి.

ప్రశ్న లోపలికి వెళ్ళినప్పుడు మాత్రం తెలుగు మనకు సాయం చేయగలదు, మనమే తీసుకోం. 'వాడెక్కడున్నాడు?' అన్న ప్రశ్నను ఇంకో వాక్యంలో పెట్టేటప్పుడు 'వాడెక్కడున్నాడో తెలీదు' అని చివర ఓ తగిలిస్తాం, ప్రశ్న గుర్తు పోతుంది. ఇంగ్లీష్ కూడా ప్రశ్న వేషం విప్పేస్తుంది: 'వేర్ ఈజ్ హీ' కాదు, 'ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్'. 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ హీ' అనడమంటే 'వాడెక్కడున్నాడు తెలీదు' అనడం లాంటిది. చెవికి తెలుస్తుంది.

ఇక ఆల్‌దో, బట్. సముచ్చయాల విషయంలో తెలుగు అసలు దారే వేరు. మనకు అండ్‌కు సమానమని చెప్పే 'మరియు' ఉంది, ప్రశ్నపత్రాల్లో, ప్రభుత్వ నోటీసుల్లో, శుభలేఖల్లో. నోట్లో లేదు. 'అమ్మ మరియు నాన్న వచ్చారు' అని ఇంట్లో అనే మనిషిని నేనింకా చూడలేదు. అమ్మా నాన్నా వచ్చారు, అంతే. వాక్యాలను కలపడానికి కూడా మధ్యలో మాట పెట్టం, మొదటి క్రియ చివరను వంచేస్తాం. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా. పదో తరగతిలో వీటికి క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని పేర్లు చెప్పి మార్కులు వేశారు. ఇంగ్లీష్‌లో అండ్, వైల్, ఇఫ్, ఆల్‌దో చేసే పనులే ఇవి అని అప్పుడెవరైనా పక్కన ఒక గీత గీసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అతుకు ఎక్కడ పడుతుందో చూడండి. 'లీవులో ఉన్నా కాల్‌కి వస్తాను'. అతుకు 'నా'. అది సరిగ్గా రెండు ముక్కల నడుమ ఉంది. 'ఆల్‌దో ఐ యామ్ ఆన్ లీవ్, ఐ విల్ జాయిన్ ద కాల్'. ఇక్కడ అతుకు వాక్యం మొదట్లోనే పడిపోయింది, నడుమ ఉన్నది ఒక కామా. నడుమ అతుకు వినడానికి అలవాటుపడ్డ తెలుగు చెవికి అక్కడ ఏదో ఖాళీగా తోస్తుంది. ముక్కలు ఊడిపోతాయేమోనని ఒక బట్ కొడతాం. బికాజ్‌తో మొదలుపెట్టి నడుమ సో వేసేదీ ఇందుకే అని నా అనుమానం. హైదరాబాద్‌లో దీనికి ఇంకో దన్ను కూడా ఉంది. చుట్టూ వినబడే ఉర్దూ, హిందీల్లో జంట అతుకులు మామూలే, 'చూంకే' అని మొదలుపెడితే నడుమ 'ఇస్‌లియే' రావాలి. రెండు భాషలు అటూ ఇటూ నిలబడి బట్ వేయమంటుంటే ఏడు నెలల ఉద్యోగి ఏం చేస్తుంది? ఆల్‌దో ఉంచితే బట్ తీసేయాలి, బట్ ఉంచితే ఆల్‌దో తీసేయాలి. ఒక అతుకు చాలు.

నాలుగో వాక్యం చిన్న విషయమే కానీ ఆఫీసుల్లో దీనివల్లే ఎక్కువ చిక్కులు. 'రిపోర్ట్ అయిపోయింది, ఫోల్డర్‌లో పెట్టా'. ఏం పెట్టావు అని తెలుగులో ఎవరూ అడగరు, ముందు చెప్పింది కాబట్టి. ఇంగ్లీష్‌లో ఆ సీటు ఖాళీగా వదలకూడదు. కనీసం ఒక ఇట్‌ను కూర్చోబెట్టాలి: 'అండ్ పుట్ ఇట్ ఇన్ ద ఫోల్డర్'. 'సినిమా ఎలా ఉంది?' అంటే 'ఐ లైక్డ్' అని ఆపేస్తాం, వాళ్ళు ఇట్ కోసం ఎదురుచూస్తుంటారు. పైగా కెప్ట్ ఎందుకొచ్చిందంటే, మనకు పెట్టడమూ ఉంచడమూ ఇంచుమించు ఒకటే. పుట్ అంటే పెట్టడం, కీప్ అంటే పెట్టినది అక్కడే ఉండనివ్వడం.

సరిచేసిన మెయిల్ పంపింది. అరగంటలో లీడ్ జవాబు వచ్చింది, ఆదివారం కూడా ఖాళీ లేనట్టుంది పాపం. "నోటెడ్. లెటజ్ డిస్కస్ అబౌట్ ఇట్ టుమారో." అమ్మాయి ఆ ఫోన్ నా మొహం ముందు పెట్టి పడీ పడీ నవ్వింది.

నాకేం చిన్నతనం కాలేదు. డిస్కస్ అబౌట్ మన దేశంలో కోట్ల మంది వాడే మాట, దాని వల్ల ఎవరి పనీ ఆగలేదు. ఐఈఎల్‌టీఎస్ రాసేటప్పుడు, విదేశీ క్లయింట్‌కు కాగితం పంపేటప్పుడు జాగ్రత్తపడితే చాలు. అర్థం మారిపోయే చోట్ల మాత్రం నేను మొండివాణ్ణే. 'టీ తాగడానికి ఆగాను' అంటే 'స్టాప్డ్ టు డ్రింక్ టీ'. 'స్టాప్డ్ డ్రింకింగ్ టీ' అంటే టీ మానేసినట్టు. తెలుగులో ఆగడం, మానడం అని రెండు క్రియలున్న చోట ఇంగ్లీష్‌లో క్రియ ఒక్కటే, తేడా అంతా తోకలో ఉంది. మరచిపోవడం ఇంకా ప్రమాదం. 'తాళం వేయడం మర్చిపోయా' అన్నది మాటకు మాటగా 'ఫర్‌గాట్ లాకింగ్' అవుతుంది. అంటే తాళం వేశాను, వేసిన సంగతే గుర్తులేదు అని. ఇల్లు తెరిచి ఉందని చెప్పాలంటే 'ఫర్‌గాట్ టు లాక్' అనాలి. దొంగతనం కేసులో ఈ టు ఎంత ముఖ్యమో ఊహించుకోండి.

ఆరింటికి బయల్దేరింది. క్యాబ్ డ్రైవర్ ఫోన్ చేసి "మేడమ్, ఐ విల్ పికప్ యూ ఎట్ గేట్" అంటున్నాడు. 'పిక్ యూ అప్' అనాలి కదా అన్నట్టు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది, నేను మూడో గంట పాఠం మొదలుపెడతానేమోనని భయపడి వెంటనే మెట్లు దిగిపోయింది. పది నిమిషాల తర్వాత వాట్సాప్‌లో మెసేజ్: "మామయ్యా, ఐ ఫర్‌గాట్ మై ఛార్జర్ ఎట్ యువర్ హౌస్."

ఫర్‌గెట్ పక్కన చోటు చెప్పకూడదు, చోటు చెప్తే 'లెఫ్ట్' అనాలి. అదే టైప్ చేశాను. మళ్ళీ చెరిపేసి, "క్యాబ్ ఎంత దూరం వెళ్ళింది, ఆపమను" అని పెట్టి, ఛార్జర్ చుట్టుకుని చెప్పులేసుకున్నాను.